పెన్న దాటితే కోడ్ మారుతుంది: నెల్లూరు, ప్రకాశం ఎస్టీడీ కోడ్ల లెక్క

నెల్లూరులో పెన్న బ్రిడ్జి దాటితే కోవూరు. ఆటోలో పావుగంట ప్రయాణం. ఆసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా కోవూరు జనం నెల్లూరుకే వస్తారు. నెల్లూరులో ఉద్యోగం, కోవూరులో కాపురం అన్నవాళ్లకూ కొదవ లేదు. ఇంత కలిసిపోయిన ఊళ్లు ల్యాండ్‌లైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరు కుంపట్లు. నెల్లూరు కోడ్ 0861, కోవూరు కోడ్ 08622. ఇటు ఒడ్డున ఏడంకెల నంబరు, అటు ఒడ్డున ఆరంకెల నంబరు. కోవూరు దాటి బుచ్చిరెడ్డిపాళెం పోయినా అదే 08622. అదే నెల్లూరు నుంచి సముద్రం వైపు కృష్ణపట్నం రేవు దాకా పోతే, కోవూరుకన్నా ఎన్నో రెట్లు దూరమైనా, 0861 మారదు.

ఐదారు కిలోమీటర్లకే మారిన కోడ్ పాతిక కిలోమీటర్లు పోయినా మారకపోవడం ఏమిటి? చూడగానే ఏటికి అటూ ఇటూ గీత గీశారనిపిస్తుంది కానీ, అసలు సంగతి నదిది కాదు. ఎస్టీడీ కోడ్, అంటే ఊరు దాటే కాల్‌కు నంబరు ముందు కొట్టే అంకెలు, ఊరి గుర్తుగా పుట్టలేదు. బిల్లు వేయడానికి పుట్టింది.

టెలిఫోన్ శాఖ దేశాన్ని డబ్బు లెక్క కోసం ముక్కలుగా కోసింది. చిన్న ముక్క పేరు షార్ట్ డిస్టెన్స్ చార్జింగ్ ఏరియా. ఇలాంటివి దేశంలో 2,600కు పైనే ఉన్నాయి. వీటిని గుంపులుగా చేర్చి 322 లాంగ్ డిస్టెన్స్ చార్జింగ్ ఏరియాలు చేశారు. ఇప్పటి పిల్లలకు చార్జింగ్ అంటే సెల్‌ఫోన్‌కు పిన్ను గుచ్చడం. ఇక్కడ చార్జింగ్ అంటే చార్జీ వసూలు. ఒక చిన్న ముక్క లోపల మాట్లాడుకుంటే లోకల్ కాల్. ముక్క దాటితే ఎంత దూరం దాటిందో చూసి మీటరు వేగం పెంచాలి. ఆ పని మనిషి చూసుకోకుండా యంత్రమే చేసుకోవాలంటే, డయల్ చేసిన నంబరులోనే 'ఇది ఫలానా ముక్కకు పోతోంది' అని తెలియాలి. ఆ తెలియజేసే అంకెలే కోడ్. ముందుండే సున్నా కోడ్‌లో భాగం కాదు. 'ఈ కాల్ ఊరు దాటుతోంది, దూరపు కాల్స్ కలిపే ట్రంక్ ఎక్స్ఛేంజికి పంపు' అని చెప్పే సైగ మాత్రమే. అందుకే విదేశాల నుంచి నెల్లూరుకు చేసేటప్పుడు 91 తర్వాత 861 కొట్టాలి. విజిటింగ్ కార్డు మీద ఉన్నట్టే 0861 కొట్టి, కాల్ కలవక తల పట్టుకున్న కొడుకులూ అల్లుళ్లూ అమెరికాలో చాలామందే ఉంటారు.

ఆ ముక్కలను కోసేటప్పుడు కొత్త కొలత కోసం వెతకలేదు. దేశమంతటా ఎక్కువగా తాలూకానే కొలతగా పెట్టుకున్నారు. తాలూకా కేంద్రంలో కచేరీ ఉంటుంది, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఉంటుంది, పోస్టాఫీసు పెద్దది ఉంటుంది, పక్కనే టెలిఫోన్ ఎక్స్ఛేంజి వస్తుంది. నెల్లూరు జిల్లా కోడ్లు వరసగా చదివితే పాత తాలూకాల పట్టిక చదివినట్టే ఉంటుంది: ఉదయగిరి 08620, కోవూరు 08622, సూళ్లూరుపేట 08623, గూడూరు 08624, వెంకటగిరి 08625, కావలి 08626, ఆత్మకూరు 08627.

1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను తీసేసి రాష్ట్రమంతా 1,100కు పైగా మండలాలు పెట్టింది. అప్పటి నెల్లూరు జిల్లాకు 46 మండలాలు, ప్రకాశం జిల్లాకు 56 వచ్చాయి. తాసీల్దారు పోయి ఎమ్మార్వో వచ్చాడు (తర్వాత పేరు మళ్లీ తాసీల్దారు అయిందనుకోండి). సర్టిఫికెట్లలో, రేషను కార్డుల్లో, పట్టాదారు పుస్తకాల్లో తాలూకా మాట క్రమంగా చెరిగిపోయింది. ఫోన్ కోడ్‌లో మాత్రం చెరగలేదు. ఒక్కో కోడ్ కింద నాలుగైదు మండలాలు ఒదిగిపోయాయి. ఇవాళ ఏ మండలం ఏ పాత తాలూకా చుట్టుపక్కలదో పాతికేళ్ల కుర్రాణ్ని అడిగితే చెప్పలేడు. ఆ మండలంలోని పాత ల్యాండ్‌లైన్ నంబరు ముందు ఏముందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కచ్చితంగా అన్ని చోట్లా అని కాదు. ఎక్స్ఛేంజి ఎటు చేరితే ఊరు అటు చేరిన చోట్లు లేకపోలేదు.

ఒకే పేరున్న ఊళ్లకు ఈ కోడ్ బాగా పనికొచ్చేది. నెల్లూరు జిల్లా ఆత్మకూరుకూ కర్నూలు వైపు ఆత్మకూరుకూ ఉత్తరాలు తారుమారవడం మామూలే కానీ ఫోన్ తారుమారు కాదు. అది 085తో మొదలవుతుంది, ఇది 0862తో. పెన్న పక్కన కోవూరు 08622 అయితే, గోదావరి పక్కన కొవ్వూరు 08813. పలకడంలో ఒక వత్తు తేడా, డయల్ చేయడంలో గోదావరికీ పెన్నకూ ఉన్నంత తేడా.

ఈ కోడ్లను పటంలా చూడాలంటే చెన్నై నుంచి ఉత్తరంగా హైవే పట్టుకుని రావాలి. గుమ్మిడిపూండి దాకా 044. తడ దగ్గర ఆంధ్రలో అడుగు పెట్టగానే 08623, అంటే సూళ్లూరుపేట కోడ్. శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఫోన్లూ, నాయుడుపేట ఫోన్లూ ఇందులోవే. తర్వాత గూడూరు 08624, నెల్లూరు 0861, పెన్న దాటగానే 08622, ఆపైన కావలి 08626. అక్కడి నుంచి సింగరాయకొండ చేరేసరికి వరస ఒక్కసారిగా విరుగుతుంది. కందుకూరు కోడ్ 08598 మొదలవుతుంది. ఒంగోలు 08592, మేదరమెట్ల 08593, మార్టూరు 08404. ఇంకాస్త పోతే చిలకలూరిపేట 08647, గుంటూరు 0863. అంటే 086తో నడుస్తున్న దారి మధ్యలో ప్రకాశం జిల్లా వచ్చేసరికి 085కు దిగి, 084ను కూడా తాకి, గుంటూరు పొలిమేరలో మళ్లీ 086 ఎక్కుతుంది.

ఈ విరుపును అర్థం చేసుకోవాలంటే పెద్ద పటం చూడాలి. సున్నా తీసేశాక కోడ్‌లో వచ్చే మొదటి అంకె దేశంలో ఒక పెద్ద భాగానికి గుర్తు. 1 ఢిల్లీ వైపు, 2 మహారాష్ట్ర, గుజరాత్ వైపు, 3 తూర్పు వైపు, 4 తమిళనాడు, కేరళ వైపు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకు 8. హైదరాబాదు ఒక్కటే 40 తీసుకుని చెన్నై వరసలో కూర్చుంది. ఆ 8లో మళ్లీ రెండో అంకెను బట్టి ప్రాంతాలు. శ్రీకాకుళం 08942, విజయనగరం 08922, విశాఖ 0891, ఇవన్నీ 89. గోదావరి జిల్లాలు 88: కాకినాడ 0884, రాజమండ్రి 0883, ఏలూరు 08812. విజయవాడ 0866, గుంటూరు 0863, నెల్లూరు 0861, ఇవి 86. రాయలసీమకు ఎక్కువగా 85 వచ్చింది: కర్నూలు 08518, అనంతపురం 08554, కడప 08562, చిత్తూరు 08572.

కోస్తా అంతా 86, 88, 89 అయితే, నడుమనున్న ఒంగోలు మాత్రం 08592 పేరుతో సీమ వరసలో చేరింది. సముద్రపు గాలి తగిలే ఊరుకు, చీరాల లాంటి తీరపు పట్నానికి (08594) కడప, అనంతపురాల వరస. జిల్లా పడమటి కొసన నల్లమల అంచు ఊళ్లకు ఈ వరస వచ్చిందంటే సరే అనుకోవచ్చు. మార్కాపురం 08596. ఆ కొండలు దాటితే వచ్చే నంద్యాల 08514. తీరపు ఊళ్లకూ అదే ఎందుకు?

జిల్లా పుట్టుక చూస్తే కొంత దారి దొరుకుతుంది. ఒంగోలు మొదట నెల్లూరు జిల్లాలోది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. దానికి గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు ప్రాంతం, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు ప్రాంతం, కర్నూలు నుంచి మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ప్రాంతం ఇచ్చారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. మూడు ఇళ్ల నుంచి తెచ్చిన అరుగులతో కట్టిన ఇల్లు. పాత జిల్లాలకు వరసలు ఉన్నాయి: 861, 862 నెల్లూరువి, 863, 864 గుంటూరువి. వీటి మధ్య ఇరికించడానికి చోటు లేదు. 85 వరసలో చివర 859 ఉంది. కొత్తగా వచ్చిన చుట్టానికి పంక్తి చివర విస్తరి వేసినట్టు ప్రకాశానికి అది దక్కింది. ఇది కోడ్ల అమరిక చూసి చేస్తున్న ఊహే అయినా, అంకెలు ఇంతకన్నా మరో మాట చెప్పడం లేదు.

ఆ విస్తరి కూడా అందరికీ అందలేదు. ఒంగోలు, అద్దంకి వైపు, చీరాల, మార్కాపురం, కందుకూరు లాంటి పెద్ద ఊళ్లకు 859 వచ్చింది. మిగిలినవి ఎక్కడెక్కడికో పోయాయి. కనిగిరి 08402, ఎర్రగొండపాలెం 08403, మార్టూరు 08404, గిద్దలూరు 08405, కంభం 08406, దర్శి 08407. పొదిలి అయితే ఏకంగా 08499. 084 అంటే నిజామాబాదు 08462, కర్ణాటకలో కలబురగి 08472 ఉండే వరస. కనిగిరికీ కలబురగికీ మధ్య ఏ బంధుత్వమూ లేదు, అంకెల్లో తప్ప. వాన లేక, ఫ్లోరైడు నీళ్లు తాగి, వలస పోయే ఆ మెట్ట ఊళ్లు అన్ని పథకాల్లోనూ చివర నిలబడడం జిల్లాలో అందరికీ తెలిసిందే. ఫోన్ కోడ్ల జాబితాలోనూ వాళ్లకు మిగిలిన కాగితాలే దొరికాయనిపిస్తే తప్పు పట్టలేం.

తపాలా వాళ్ల లెక్క ఇందుకు పూర్తిగా వేరు. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, అప్పటికి ఒంగోలు జిల్లా ఏర్పడి రెండేళ్లు దాటింది. అందుకని పిన్‌లో ప్రకాశం ముక్కలు కాలేదు. ఒంగోలు 523001, కందుకూరు 523105, చీరాల 523155, మార్కాపురం 523316, గిద్దలూరు 523357. అన్నిటికీ 523. నెల్లూరుకు 524. ఉత్తరానికి కావలసింది సంచీలు వేరు చేయడం, రైల్లో ఎక్కించడం. ఫోన్‌కు కావలసింది మీటరు తిప్పడం. పనులు వేరు కాబట్టి పటాలు వేరయ్యాయి.

మీటరు సంగతికి వస్తే, ఈ రెండు జిల్లాల మధ్య అసలు గీత అక్కడే కనిపిస్తుంది. దూరాన్ని రోడ్డు మీద కొలవరు, పటం మీద సూటిగా కొలుస్తారు. 1990ల చివర ఉన్న పద్ధతి ప్రకారం 50 కిలోమీటర్ల లోపు ఒక రేటు, 50 నుంచి 200 దాకా ఒకటి, 200 నుంచి 500 దాకా ఇంకొకటి, ఆపైన ఇంకా ఎక్కువ. నెల్లూరు నుంచి చెన్నైకి సూటి దూరం దాదాపు 155 కిలోమీటర్లు. తిరుపతి, ఒంగోలు కూడా 200 లోపే. విజయవాడ మాత్రం 200 దాటుతుంది, హైదరాబాదు సరేసరి. అదే ఒంగోలులో నిలబడి చూస్తే తారుమారు: విజయవాడ, గుంటూరు 200 లోపు, చెన్నై 200 పైన. అంటే నెల్లూరువాడికి మద్రాసు చవక, బెజవాడ ఖరీదు. ఒంగోలువాడికి బెజవాడ చవక, మద్రాసు ఖరీదు.

నెల్లూరు మద్రాసు వైపు చూస్తుంది, ఒంగోలు గుంటూరు వైపు చూస్తుంది అని పెద్దవాళ్లు అంటుంటారు. వైద్యం, చదువు, బంగారం, సినిమా, బియ్యం వ్యాపారం, అన్నిటికీ నెల్లూరుకు మద్రాసే. ఫోన్ చార్జీ ఈ మొగ్గును పుట్టించలేదు, కానీ ప్రతి బిల్లులోనూ దాన్నే గట్టిపరిచింది. ఆ కాలపు నెల్లూరు ఇళ్లలో ఫోన్ పక్కన పెట్టుకునే డైరీ తిరగేస్తే 040 నంబర్లకన్నా 044 నంబర్లే ఎక్కువ ఉండేవంటే నమ్మొచ్చు. సొంత రాష్ట్ర రాజధానికన్నా పక్క రాష్ట్ర రాజధానికి ఫోన్ చేయడం తేలిక.

కోడ్ కొట్టి నేరుగా మాట్లాడే ఈ వసతి దేశంలో మొదటిసారి 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య వచ్చింది. చిన్న ఊళ్లకు చేరడానికి ఇంకో పాతికేళ్లు పైనే పట్టింది. అప్పటిదాకా ట్రంక్ కాలే దిక్కు. 180కి ఫోన్ చేసి బుక్ చేయాలి, ఆపరేటరు కలిపేదాకా ఫోన్ దగ్గరే కూర్చోవాలి. ఆర్డినరీ అయితే గంటలు, అర్జెంట్ అయితే రెట్టింపు డబ్బు, లైట్నింగ్ కాల్ అయితే ఎనిమిది రెట్లు. లైట్నింగ్ కాల్ వచ్చిందంటే ఎవరో పోయారనే అనుకునేవారు, చాలాసార్లు అదే నిజమయ్యేది. ట్రంక్ అంటే పెద్ద కాండం, ప్రధానమైన దారి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఊరి నడిబొడ్డు బజారు పేరు ట్రంక్ రోడ్డే. మద్రాసు, కలకత్తాల మధ్య నడిచిన పాత గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు ఆ ఊళ్ల మధ్య నుంచే పోయేది. తీగ మీద పోయే ట్రంక్‌కూ నేల మీద పోయే ట్రంక్‌కూ మాట ఒకటే.

పల్లెలకు ఎక్స్ఛేంజీలు రావడానికి కారణం 1984లో పెట్టిన సీడాట్ అనే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ. విదేశీ ఎక్స్ఛేంజీలు ఏసీ గదులు కోరేవి. సీడాట్ చేసిన 128 లైన్ల పల్లె ఎక్స్ఛేంజి మన ఎండకు, దుమ్ముకు తట్టుకునేలా చేసింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. తర్వాత ఊళ్లలో చిన్న గది, మీద ఒక టవరు, లోపల బ్యాటరీల వరస కనిపించసాగాయి. వాటి వెనకే పసుపు రంగు ఎస్టీడీ బూతులు వచ్చాయి.

బూతులో గాజు తలుపు, లోపల చెమట, ఎదురుగా ఎర్ర అంకెల మీటరు. కోడ్ కొట్టి అవతల 'హలో' అనగానే అంకెలు కదిలేవి. దూరం ఎక్కువైతే వేగంగా, తక్కువైతే నిదానంగా. మాట్లాడేవాళ్ల కళ్లు అవతలి మనిషి మీద కాదు, ఆ అంకెల మీద. 'ఉంటా మరి, ఇక్కడ తిరుగుతోంది' అన్న మాట ఆ రోజుల్లో పుట్టిందే. రాత్రి బాగా పొద్దుపోయాక చార్జీ పావుకు దిగేది. అప్పటిదాకా ఆగి, బూతు బయట వరసలో నిలబడేవారు. బూతుల కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఇవ్వడంతో చాలా ఊళ్లలో ఆ గాజు పెట్టె ఒక కుటుంబానికి బతుకుతెరువు అయింది. ఇంట్లో ఫోన్ లేనివాళ్లు పక్కింటి నంబరు ఇచ్చి, శుభలేఖల మీద దాని పక్కనే పి.పి. అని వేయించుకునేవారు. పక్కింటివాళ్లు అన్నం మధ్యలో లేచి, గోడ మీంచి కేక వేసి పిలిచేవారు. పి.పి. అన్న రెండక్షరాల వెనక ఆ ఓపిక అంతా ఉంది.

2003 ప్రాంతంలో కొత్త నంబరింగ్ ప్రణాళిక వచ్చింది. కోడ్, లోకల్ నంబరు కలిపి పది అంకెలు ఉండాలన్నారు. నెల్లూరు కోడ్ మూడంకెలు (861) కాబట్టి నంబరు ఏడంకెలు. ఒంగోలు కోడ్ నాలుగంకెలు (8592) కాబట్టి నంబరు ఆరంకెలు. దీని లెక్క చూడండి. ప్రభుత్వ సంస్థ నంబర్లన్నీ 2తో మొదలవ్వాలన్నారు, ప్రైవేటు కంపెనీలకు వేరే అంకెలు. 2 పోగా నెల్లూరుకు ఆరంకెలు మిగులుతాయి, అంటే పది లక్షల నంబర్లకు చోటు. ఒంగోలుకు ఐదంకెలు, లక్ష నంబర్లకు చోటు. ఏ ఊరు పెద్దది, ఏ ఊరికి ఎక్కువ ఫోన్లు కావాలి అని అప్పట్లో ఢిల్లీలో వేసుకున్న అంచనా ఇలా కోడ్ పొడవులో ఉండిపోయింది. గుంటూరు, విజయవాడ, తిరుపతి, నెల్లూరు ఒక తరగతి. కడప, కర్నూలు, అనంతపురం, ఒంగోలు ఇంకో తరగతి. అవీ జిల్లా కేంద్రాలే. ఆ అంచనాలు తప్పాయి, రెండు వైపులా. నెల్లూరుకు పది లక్షలూ అక్కరలేకపోయింది, ఒంగోలుకు లక్షా అక్కరలేకపోయింది. ల్యాండ్‌లైన్లు పెరగడం ఆగి తరగడం మొదలైంది.

చార్జీలు కూడా అప్పుడే కరగడం మొదలుపెట్టాయి. 2000ల మొదట్లో రాష్ట్రం లోపల 200 కిలోమీటర్ల దాకా సున్నా బదులు 95 కొట్టే పద్ధతి కొన్నాళ్లు నడిచింది. నెల్లూరు నుంచి ఒంగోలుకు 958592. జనం దానికి అలవాటు పడేలోపే అది పోయింది. 2006 మార్చి 1 నుంచి దేశంలో ఎక్కడికైనా నిమిషం రూపాయి అనే ప్లాను వచ్చింది. ఇక కోడ్‌కు పని లేదు. పని పోయినా కోడ్ పోలేదు. దూరాన్ని బట్టి డబ్బు తీసుకోవడానికి పుట్టిన అంకెలు, దూరానికి డబ్బు లేని రోజుల్లో వట్టి చిరునామాగా మిగిలాయి.

చిరునామాగా కూడా వాటికి ఇప్పుడు చిక్కే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్లీ విడదీశారు. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి. తిరుపతి కోడ్ 0877, వీటివి ఇంకా 0862తోనే మొదలవుతాయి. చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి. బాపట్ల 08643, చీరాల 08594. పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా కేంద్రానికి ఫోన్ చేయాలన్నా అంకెల్లో 86కూ 85కూ మధ్య గట్టు దాటాలి. కందుకూరు అర్ధ శతాబ్దం తర్వాత అప్పుడు తిరిగి నెల్లూరు జిల్లాకు వచ్చింది, ఫోన్‌లో మాత్రం ప్రకాశం వరస 08598 వదల్లేదు. ఆ తర్వాత కూడా గీతల మీద గొడవలు, కదలికలు ఆగలేదు. ఎన్నిసార్లు జిల్లా మారినా కోడ్ మార్చిన దాఖలా లేదు. మార్చాలంటే ఎక్స్ఛేంజీలు, బిల్లులు, బోర్డులు అన్నీ మార్చాలి. ల్యాండ్‌లైనే అరుదైపోయిన చోట ఆ ఖర్చుకు ఎవరు ఒప్పుకుంటారు?

ఊరి గుర్తున్న అంకెలు ఒక్కొక్కటే ఇలా పోతున్నాయి. బండి వెనక ఏపీ 26 ఉంటే నెల్లూరు, ఏపీ 27 ఉంటే ఒంగోలు అని రోడ్డు మీదే పోల్చుకునేవారు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక కొత్త బండ్లకు ఊరు లేదు. సెల్ నంబరుకు మొదటి నుంచీ ఊరు లేదు, రాష్ట్రం ఉండేది. 2015లో దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చాక ఆ రాష్ట్రం గుర్తూ పోయింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలన్నా ముందు సున్నా కొట్టాల్సిందే.

2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంకో అడుగు ముందుకేసి, ల్యాండ్‌లైన్ నంబర్లను చిన్న ఏరియాల వారీగా కాకుండా లైసెన్సు సర్కిల్ (ఫోన్ కంపెనీలకు లైసెన్సు ఇచ్చే పెద్ద ప్రాంతం) వారీగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. అది పూర్తిగా అమలైతే తాలూకా కొలత పోయి సర్కిలే కొలత అవుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినా లైసెన్సు సర్కిల్ విడిపోలేదు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే ఇప్పటికీ ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపే. అంటే పెన్నకు అటూ ఇటూ ఒకటి కాలేకపోయిన కోవూరు, నెల్లూరు ఒక్క దెబ్బకు కలుస్తాయి. వాటితో పాటు ఆదిలాబాదు కూడా కలుస్తుంది.

ఈలోగా పాత అంకెలు గోడల మీదే ఉన్నాయి. కావలి, నెల్లూరు, ఒంగోలు ట్రంక్ రోడ్లలో ముప్పై ఏళ్ల నాటి కొట్ల బోర్డులు కొన్ని ఇంకా మార్చలేదు. రంగు వెలిసిన అక్షరాల్లో కొట్టు పేరు, కింద 'ఫోన్' అని, పక్కన ఐదో ఆరో అంకెలు. ఆ అంకెలకు ముందు, చోటు చాలక సన్నగా ఇరికించి, వేరే రంగుతో, వేరే చేతిరాతతో వేసిన ఒక 2.